మడిచిన వేలు

"గింజలు నానేశావా అమ్మాయ్" అని అడిగింది మా అత్తగారు మాణిక్యమ్మ. రాత్రే నానేశాను. పెరట్లో నాలుగు గుంటలు తవ్వి, పశువుల ఎరువు కలిపి, సరుగుడు కర్రలతో పందిరి వేయించిందీ నేనే. ఏ రకం పెట్టాలన్నది మాత్రం ఇంట్లో నెల్లాళ్ళు నలిగింది. పొడుగు పొట్లయితే కాయ కొసన రాయి కట్టాలి, పొట్టిదే మేలని అత్తగారు. సొరకాయ గుండుదయితేనే పులుసుకి రుచని మా ఆయన వినయ్. నేతిబీర నాకిష్టమని నేనంటే, పచ్చడికి తప్ప ఎందుకూ కొరగాదన్నారు ఇద్దరూ. చివరికి పొట్టి పొట్ల, గుండు సొర, బారు కాకర, మామూలు బీర ఖాయమయ్యాయి.

అంతకుముందు వారమే విత్తనాల కోసం బాపట్ల నర్సరీకి వెళ్ళాం. నేను రోజూ తెనాలి నుంచి రైల్లో ఉద్యోగానికెళ్ళే ఊరే అది. అక్కడొక మొక్క దగ్గర ఆగిపోయాను. ముడతల కాగితం కత్తిరించి గుత్తులు కట్టినట్టు గులాబీరంగు పూలు. చినగోరింటమ్మా అన్నాడు నర్సరీ వెంకటరత్నం. "తెలుపుంది, ఊదా ఉంది, ఈ గులాబీ ఉంది. ఎండకి జడవదు. కొమ్మ నరికితే ఇంకా పూసుద్ది." వీధి గేటు పక్కన గులాబీది పెడదామన్నాను.

"కాయలేమన్నా కాస్తాయా?" అని అడిగాడు వినయ్.

"మిరియాలంతేసి ఉంటాయి సార్. తినేవి కావు."

"మరింకెందుకు, చోటు దండగ" అని నవ్వి బండి వైపు నడిచాడు. ఆ మాట నాకు తగులుతుందని ఆయనకు తట్టను కూడా లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

మూడుసార్లు కడుపు నిలవలేదు నాకు. మూడోసారి నాలుగో నెల. పుట్టింటికి వెళ్తూ రేపల్లె రైల్లో ఉన్నాను. సీటు మీద మరక ఎవరికీ కనపడకూడదని కొంగు పరచుకుని రేపల్లె దాకా అలాగే కూర్చున్నాను. "రైళ్ళల్లో తిరిగేదానికి నిలుస్తుందా" అంది అత్తగారు. జీతం మాత్రం ఆ రైళ్ళల్లోనే రావాలి. వినయ్ ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టి, "మళ్ళీ చూద్దాంలే" అన్నాడు, తప్పిపోయిన బస్సు గురించి అన్నట్టు.

గింజలు నానేసిన మర్నాడు, ఆ ఆదివారం, వాటిని గుడ్డలో పట్టుకుని గుంట దగ్గర కూర్చోబోతుంటే, "నువ్వుండమ్మాయ్. దీప్తి పెడుతుంది. ఇద్దరు పిల్లల్ని కన్న చెయ్యి" అంది అత్తగారు. దీప్తి నా తోడికోడలు, పక్కవీధిలో ఉంటుంది. పాపం ఆ పిల్ల నా కళ్ళలోకి చూడకుండా నాలుగు గుంటల్లో గింజలు పెట్టి వెళ్ళిపోయింది. "పెద్దావిడ, పోనీలే" అన్నాడు వినయ్, ఫోన్లోంచి తలెత్తకుండా. గింజ పెట్టడానికి పనికిరాని చెయ్యి, రోజూ రైలెక్కే ముందు పది బకెట్ల నీళ్ళు మోయడానికి పనికొచ్చింది.

తీగలు పాకాయి, పందిరి నిండింది, పిందెలు దిగాయి. ఎదురింటి స్టెల్లా టీచరొస్తే అత్తగారు పందిరి కిందికి తీసుకెళ్ళి, చూపుడువేలు మడిచి కణుపుతో చూపించింది. "అదుగో, ఆకు చాటున."

"వేలెందుకు మడిచారు పిన్నిగారూ?"

"చాచి చూపిస్తే రాలిపోదూ? పసిపిందె."

అంత మెత్తగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. టీచరు నా చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకుంటూ, "కోడలికేమన్నా విశేషమా?" అంది.

మడిచిన వేలు తిన్నగా సాగింది, నా పొట్ట వైపు. "దీనికా? మూడు రాల్చుకుంది."

నేను లోపలికొచ్చి గ్లాసులు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. సొరపిందె ఎక్కడ నొచ్చుకుంటుందోనని వేలు మడిచే మనిషికి, మనుషుల ముందు కూడా మడవాలని ఎవరూ చెప్పలేదేమో. నేనూ చెప్పలేదు, ఎనిమిదేళ్ళుగా.

మర్నాడు ఆఫీసు కాగానే నర్సరీకెళ్ళి గులాబీరంగు చినగోరింట కొన్నాను. రైల్లో కింద పెడితే ఎవరన్నా తొక్కుతారని తెనాలి దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను. గేటు పక్కన నేనే గుంట తవ్వాను, నా చేత్తోనే పెట్టాను, మట్టి అదిమి నీళ్ళు పోశాను. అత్తగారు అరుగు మీంచి వేలు చాచింది. "ఏంటే అది? దేనికి పనికొస్తుంది?"

"వేలు మడవండత్తయ్యా."

"రాలడానికి దానికి పిందెలెక్కడివే?"

"దానికోసం కాదండి. నాకోసం."