సన్న నాళాలు

వంటావార్పు రోజు తార్నాక చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. తెలంగాణ ఇవ్వని సర్కారు మీద కోపంతో రోడ్డు మీదే వండాలి, రోడ్డు మీదే తినాలి. వండింది తినకుండా లేస్తే ఓడినట్టే. పోలీసులు దానికోసమే లాఠీలు పట్టుకుని కాచుకున్నారు.

నడిమి పొయ్యి మీద పెద్ద దేగిశలో బాలలక్ష్మి అన్నం కలుపుతోంది. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంటామె. ఆమె మొగుడు ఎంకన్న ఆటో తోలతాడు. ఏడో తరగతిలో బడి వదిలేశాడు గనక చదువుకున్నవాళ్లంటే ఒళ్లుమంట, డాక్టర్లంటే ఇంకా మంట. ఆ పూట కిరాయిలు మానుకుని పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్నాడు.

బాలలక్ష్మి గరిటె వదిలి రొమ్ము పట్టుకుంది.

"ఏమయ్యా, మల్ల పట్టేసింది. దవడ దాంక గుంజుతున్నది."

"మొదలువెట్టినవా? గొట్టమేసి చూసి, గుండెల యాడ అడ్డం లేదని చెప్పలే? నీది గ్యాస్. పనంటే వచ్చే గ్యాస్."

పక్క పొయ్యి ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె మళ్లీ గరిటె అందుకుంది.

చలికాలంలో గొట్టం వేసి ఆంజియోగ్రాం చేయించినప్పుడు అంతా క్లీన్ అన్నారు. సంతోషించాల్సింది పోయి ఎంకన్న మోసపోయినట్టు మండిపడ్డాడు. లేని జబ్బుకా ఇన్నాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగింది? ఆ కోపంలో కీళ్లవాతానికి ఆమె మింగుతున్న గోళీలు కూడా మాన్పించాడు. గుండెనొప్పి ఉత్తదైనప్పుడు వేళ్లనొప్పి మాత్రం నిజమెట్లయితదని వాదించాడు. బాలలక్ష్మి గోళీలు మానేసింది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోకపోతే వేడినీళ్లలో ముంచుకుని మెస్‌కు పోయేది.

ఇప్పుడు గరిటె దానంతటదే జారిపోయింది. ఆమె తారు మీదే కూలబడింది. ముఖం బూడిదరంగుకు తిరిగింది, చెమట ధారగా కారుతోంది.

"బావా, అక్కను సూడు!" హాస్టల్ పిల్లలకు నాయకుడైన దిలీప్ పరుగెత్తుకొచ్చాడు. "నిన్నటి టియర్ గ్యాస్ పీల్చిందా ఏంది?"

పొయ్యిల ముందు ఆగిపోయిన కారులోంచి ఒకామె దిగింది.

"జరగండి. నేను గుండె డాక్టర్నండీ, పేరు సుధామయి."

ఆ యాస వినగానే వెనక ఎవడో అరిచాడు. "ఆంధ్రోళ్లు గూడ వచ్చిండ్రు రా, ఇస్తరాకు వెయ్యుండ్రి!"

"ఇస్తరాకు తర్వాత వేద్దురుగానీ, ముందు ఈవిడకి గాలి తగలనివ్వండి."

నాడి పట్టుకున్న డాక్టరు చూపు ఉబ్బిన వేలి కణుపుల మీద ఆగింది. "కీళ్లకి మందులు వాడుతున్నారా?"

బాలలక్ష్మి మొగుడి వైపు చూసింది.

"నేనే బంద్ వెట్టించిన," అన్నాడు ఎంకన్న. "గుండె క్లీన్ అన్నరు మేడం."

"ఆ పరీక్షలో పెద్ద నాళాలే కనపడతాయండీ. గుండె కండలోకి పోయే సన్న నాళాలు వెంట్రుకంత ఉంటాయి, అవి కనపడవు. కీళ్లని వాయగొట్టే మంటే వాటి గోడల్నీ పాడుచేస్తుంది. పొయ్యి ముందు కష్టపడితే గుండెకి రక్తం ఎక్కువ కావాలి. ఆ నాళాలు విచ్చుకోకపోతే ఇదిగో ఇలా. ఆవిడ నొప్పి నిజం. ఇది గుండెపోటు కూడా కావచ్చు. కారు ఎక్కించండి, ఆస్పత్రి అవతలి వైపే."

కారు వెనక లారీలు, బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. ముందు దేగిశ.

"బావా, దేగిశ దించినమంటే పోలీసోళ్లు అన్నీ తన్నిపారేస్తరు," అన్నాడు దిలీప్. "జెర అన్నం ఉడకనీ."

"ఉడికేదాంక మీ అక్క ఉంటదారా?"

ఎంకన్న అరిచాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మండుతున్న కట్టెలను కాలితో పక్కకు తన్నాడు. భుజం మీది తువ్వాలతో దేగిశ అంచు పట్టి గుంజాడు. రెండో అంచుకు ఎవరూ రాలేదు. మరుగుతున్న గంజి తొణికి పాదాల మీద పడింది. వదల్లేదు. దిలీప్ పోలీసుల వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పి చేతికి చుట్టుకుని రెండో అంచు పట్టాడు.

బాలలక్ష్మిని ఎక్కించుకున్న కారు చౌరస్తా దాటిందో లేదో వెనక పోలీసుల ఈలలు, గిన్నెలు దొర్లిన చప్పుడు. ఎంకన్న తిరిగి చూడలేదు. వెనక సీట్లో పెండ్లాం తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి వస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో రక్తపరీక్ష గుండెకు దెబ్బ తగిలిందని చెప్పింది. మళ్లీ గొట్టం వేశారు. మళ్లీ పెద్ద నాళాలు శుభ్రంగానే ఉన్నాయన్నారు. మళ్లీ ఏమీ లేదని ఇంటికి పంపుతారేమోనని ఎంకన్న భయపడ్డాడు. సుధామయి పంపనివ్వలేదు. సన్న నాళాల జబ్బని, కీళ్ల మందు ఇక ఆపితే ప్రాణం మీదికొస్తుందని అతని మొహం మీదే చెప్పింది.

తెల్లారి మంచం మీద బాలలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తవేందే? బతికినవ్ గద."

"జబ్బున్నదంటయ్యా. విన్నవా? నిజంగనే ఉన్నదంట."

ఏడుపులోనే నవ్వుతోంది. నర్సు గోళీ తెచ్చి ఆమె అరచేతిలో వేసింది. వేళ్లు ముడుచుకోలేదు, గోళీ దుప్పటి మీదికి దొర్లింది. ఎంకన్న వెతికి తీసి ఆమె నోట్లో పెట్టి, గ్లాసు పెదాలకు ఆనించాడు.

"మెల్లగ పొయ్యయ్యా," అందామె. "మీద పోస్తున్నవ్."