అద్దాలు మూసిన కారు

అబ్దుల్ వహాబ్ తల డాష్‌బోర్డు కింద ఉంది. కాళ్ళు కారు బయట ఉన్నాయి. వెలిగించిన ఊదుబత్తిని గాలి వచ్చే జాలీ ముందు పట్టుకుని పొగ ఎటు పోతుందో చూస్తున్నాడు. లోపల బ్లోయరు గిర్రున తిరుగుతోంది. చప్పుడుకేం తక్కువ లేదు. పొగ మాత్రం చెదరకుండా నిలువుగా లేచి కారు కప్పుకు తగులుతోంది.

మునుపు ఈ పని బీడీతో చేసేవాడు. ఒక దమ్ము లాగి జాలీ ముందు వదిలితే రోగం ఎక్కడుందో పొగే చూపించేది. నంద్యాల డాక్టరు బీడీ మానమన్నాక దర్గాలో మిగిలిపోయిన ఊదుబత్తులు తెచ్చుకుంటున్నాడు. బీడీ మానితే నయమయ్యే ఛాతీ కాదది. పడుచువాడిగా ఆళ్లగడ్డలోని ఈ షెడ్డులో చేరిన నాటినుంచి బ్రేకు డ్రమ్ముల దుమ్మును నోటితో ఊదాడు. పెట్రోలు గొట్టం మూసుకుపోతే నోటితో పీల్చాడు. గాలికొట్టే మిషను కంటే మనిషి నోరు చవక. షెడ్డు యజమానులు మారారు గానీ ఆ లెక్క మారలేదు.

రాత్రినుంచి ఊపిరి అందడం లేదు. తెల్లారి కాంపౌండరు దగ్గరికి పోతే, "ఈడ ఆక్సిజన్ లేదప్పా, ఈ పొద్దే నంద్యాల పెద్దాసుపత్రికి పో, రేపనొద్దు" అన్నాడు. బస్టాండుకు పోయాడు. మే నెల, పెళ్ళిళ్ళ కాలం. బస్సు మెట్ల మీద కూడా జనం వేలాడుతున్నారు. ఎక్కి నిలబడ్డాడు. చుట్టూ ఒళ్ళు ఒత్తుకునేసరికి కళ్ళు చీకట్లు కమ్మి మళ్ళీ దిగిపోయాడు. మెల్లగా షెడ్డుకు చేరేసరికి ఈ అంబాసిడరు వచ్చి ఉంది.

కారు నంద్యాల బియ్యం మిల్లు యజమాని శేషయ్యది. ఎనభై ఆరులో ఆ చుట్టుపక్కల ఏసీ ఉన్న కారంటే జనం ఆగి చూసేవాళ్ళు. భార్యతో కలిసి బంధువుల పెళ్ళికి వచ్చాడు. వచ్చేటప్పుడు దారిలో చల్లగాలి ఆగిపోయింది. వాళ్ళు భోజనానికి కూర్చుంటే డ్రైవరు మద్దిలేటి కారును ఇక్కడికి తోలుకొచ్చాడు. వహాబ్ సంగతి విని వాడే మాటిచ్చాడు.

"బస్సులో నీకు యాడయితాదన్నా? మేం నంద్యాలకే పోతాండాం. ముందు సీటు ఖాళీ. నా పక్కన కూసో, ఆసుపత్రి గేటు కాడ దింపుతా."

వహాబ్ బ్లోయరు ఆపించి, జాలీ వెనక గొట్టం ఊడదీశాడు. పీచు ముద్ద ఒకటి వచ్చి మొహం మీద పడింది. ఎలుక గూడు. అందులో పసుపు అంటిన బియ్యపు గింజలు. పండగొచ్చినా పెళ్ళొచ్చినా డాష్‌బోర్డు మీద అక్షింతలు చల్లడం శేషయ్య ఇంటి ఆచారం. గింజలు అద్దం కింది సందుల్లోంచి లోపలికి జారాయి. వాటికోసం మిల్లు ఎలుకలు వచ్చి, సీటు పీచు పీక్కుని కాపురం పెట్టాయి.

"చూసినావా మద్దిలేటీ... మీ ఎలకలకు గూడా... పెండ్లి చేసినారు."

"మా సావుకారు కూలోళ్ళకు ఎయ్యని బియ్యం ఎలకలకు ఏసినాడులే!"

వహాబ్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. మద్దిలేటి మొహంలో నవ్వు పోయింది.

"అన్నా, ఈడికి ఇడిసిపెట్టు. సామాను మద్రాసునుంచి రావాలని సెప్తా. అద్దాలు దించుకుని పోదాం. నీకూ గాలాడతాది."

అప్పుడు సరేనని ఉంటే సరిపోయేది. వహాబ్ అనలేదు.

"ఇట్లాంటి కార్లు మూడో నాలుగో బాగు చేసినా. ఒక్కదాంట్లో గూడా... అద్దం ఎత్తుకుని కూసోలేదప్పా. ఈ పొద్దు కూసుంటా."

మళ్ళీ తల లోపల పెట్టాడు. గాలిని అటూ ఇటూ మళ్ళించే రెక్క తీగ ఊడి, సగం మూతపడి ఉంది. బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగేలా దాన్ని కట్టుతీగతో బిగించాడు. గొట్టం చిరుగుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. లోపల ఇంకా చెత్త ఉంది. గొట్టం చివర నోట్లో పెట్టుకుని ఊదాడు. కదల్లేదు. ఒళ్ళంతా బిగబట్టి మళ్ళీ ఊదాడు. పీచూ, ఎలుక పెంటికలూ బయటికొచ్చాయి. వహాబ్ చాలాసేపు కారుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

బ్లోయరు వేశారు. ఊదుబత్తి పొగ చెదిరి వెనక సీటు దాకా ఎగిరింది. చల్లగాలి మొహానికి తగిలితే వహాబ్ కళ్ళు మూసుకున్నాడు.

శేషయ్య, ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ తాంబూలం నములుతూ వచ్చారు. శేషయ్య జాలీ ముందు చెయ్యి పెట్టి తలూపాడు. మద్దిలేటి చేతులు కట్టుకుని అడిగాడు.

"సామీ, వహాబన్నకు బాగలేదు. ముందు సీట్లో ఆసుపత్రి దాకా..."

అంతలోనే వహాబ్‌కు దగ్గొచ్చింది. ఉమామహేశ్వరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"టీబీనా?" అన్నాడు శేషయ్య.

"కాదు సామీ, దుమ్ము..."

"ఏదైతేనేం. అద్దాలు మూసినాక లోపలి గాలే తిరిగి తిరిగి వస్తాది. నీ దగ్గు మాకందరికీ పంచుతావా? నువ్వే సెప్పు వహాబూ, నీకు తెల్వనిదా?"

"అద్దాలు దించుకుందాం సామీ," అన్నాడు మద్దిలేటి.

"దించుకునేదానికైతే ఇంతసేపు బాగు సేయిచ్చిందేందిరా? ఎక్కు!"

వహాబ్ కారుకు దారిచ్చి పక్కకు జరిగాడు.  గాలి గురించి శేషయ్య అన్నది నిజమే. లోపలి గాలిని లోపలే తిప్పేలా రెక్క బిగించింది తనే. ఇలాంటివాళ్ళ చేతిలో మన పనే మనల్ని బయట నిలబెడుతుంది. మద్దిలేటి అతని మొహం చూడలేక స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దాలు ఒక్కొక్కటీ పైకి లేచాయి. కారు పోయింది.

భార్య బీజాన్ వచ్చేసరికి వహాబ్ షెడ్డు ముందు పాత టైరు మీద ఉన్నాడు.

"కారులో పోతావని సెప్పి పంపితివే!"

"పోయింది," అన్నాడు.

 ఆమె రోడ్డు మీదికి పోయి నిలబడింది. ఎండ కాస్త వాలాక నంద్యాల బస్సొకటి కనిపించింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. లోపల ఎవరి కాళ్ళో పట్టుకుని సీటు ఇచ్చేందుకు ఒప్పించి, వెనక్కి తిరిగి పిలిచింది. వహాబ్ లేవలేదు. గోడకు ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని, అలాగే ఉన్నాడు. ఆమె పరుగెత్తి భుజం పట్టుకుంది. తల పక్కకు వాలిపోయింది. కండక్టరు కాసేపు చూసి విజిల్ వేశాడు.

ఆసరికి కారు నంద్యాలలో మిల్లు గేటు బయట ఉంది. దారి పొడుగునా వెనక సీట్లో నిద్రపోయిన ఇద్దరూ ఇంకా గురక పెడుతూనే ఉన్నారు. గేటు తీసేవాడి కోసం మద్దిలేటి హారన్ కొట్టాడు. ఇంజను ఆపలేదు. లుంగీ నూనె మరక సీటుకు అంటకుండా వహాబ్ తన కోసం పరుచుకున్న ఉతికిన తుండు ముందు సీటు మీద అలాగే ఉంది. జాలీలోంచి వచ్చే చల్లగాలికి దాని అంచు లేస్తూ పడుతూ ఉంది.