ఎత్తేది ఆవిడ, పెరిగేది ఆయన

పాతికేళ్ళుగా ఆవిడ ఎత్తిన ఇనుమంతా ఆయన ఒంటికి పట్టింది. జరిగిన పొరపాటు అదొక్కటే. మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవే.

ఆవిడ తెల్లవారకముందే లేస్తుంది. గుడ్లు ఉడకబెట్టుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, రెండు వీధుల అవతల ఉన్న జిమ్ముకు నడుచుకుంటూ వెళ్తుంది. ఒకప్పుడది మోటారు రిపేరు షెడ్డు. రేకుల కప్పు. వాన పడితే ఓ మూల బకెట్ పెట్టాలి. ఆవిడ కడ్డీకి ప్లేట్లు తొడిగి, వంగి, రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టి లేపుతుంది. అదే సమయానికి ఇంట్లో ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉంటాడు. నిద్రలోనే ఆయన వీపు మీద కండ మెల్లగా పొంగి, సర్దుకుంటుంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఆయన టీ పెట్టి ఉంచుతాడు. కప్పు పట్టుకున్న ఆయన చెయ్యి పెద్ద దుంగలా ఉంటుంది. కప్పు అందుకున్న ఆవిడ చెయ్యి చీపురుపుల్లలా ఉంటుంది.

టీ తాగి ఆవిడ ఉద్యోగానికి వెళ్తుంది. పరీక్షల కోసం రక్తం తీసే ఉద్యోగం, రోజంతా నిలబడి చెయ్యాలి. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపిన వాళ్ళు ఆవిడ వంక చూసి, "ముందు మీకెవరైనా రక్తం ఎక్కించాలమ్మా" అంటారు. ఆవిడ నవ్వదు. "పిడికిలి బిగించండి" అంటుంది.

ఆయనది గడియారాల రిపేరు. బజారులో ఒక మనిషి పట్టేంత కొట్టు. కంటికి అద్దం బిగించుకుని, బల్ల మీదికి వంగి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే. ఆ కొట్టులోకి ఆయన ఇప్పుడు పక్కకి తిరిగి దూరాలి.

సంగతి మొదట కనిపెట్టింది పక్క కొట్టు టైలరు, పెళ్ళయిన మొదటి ఏడాదిలోనే. "చొక్కా మళ్ళీ బిగుతయిందా సార్? మేడమ్ ఏం చేస్తున్నారీమధ్య?"

"భుజాలట."

"అయితే భుజాల దగ్గర గుడ్డ వదుల్తాను. తొడలు మొదలెట్టే ముందు ఒక మాట చెప్పమనండి, పాంటు కూడా చూసుకుంటాను."

ఆయన అక్కగారు వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "పెళ్ళికి ముందు మా తమ్ముణ్ణి గాలేస్తే పట్టుకోవాల్సి వచ్చేది. నీ చేతిలో పడ్డాకే మనిషయ్యాడు. ఏమే, మరి నువ్వు తిన్నదంతా ఎక్కడికి పోతోందే?"

"మీ తమ్ముడి తొడల్లోకి వదినా."

"పోన్లే, బయటివాళ్ళకి పోలేదుగా."

అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆయన తెల్లగా పాలిపోయినా, ఆవిడ నల్లబడినా ఏదో అనేవాళ్ళేమో. ఆరోగ్యంగా ఉన్న మొగుణ్ణి చూసి ఎవరేమంటారు?

ఇంకో వైపు నుంచి వచ్చింది మాత్రం వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ కనబడలేదు. ఆవిడ ఎత్తినది ఆయనకి పట్టినట్టే, ఆయన కూర్చున్నది ఆవిడకి పట్టింది. రోజంతా బల్ల ముందు కూర్చున్నా ఆయన కాళ్ళు ఏనాడూ తిమ్మిరెక్కలేదు. ఆ తిమ్మిరి ఆవిడకొచ్చేది. సాయంత్రమయ్యేసరికి మోకాళ్ళ కిందంతా దూది. పొద్దున జిమ్ములో బరువు భుజాన వేసుకుని కూర్చుని లేస్తే అది పాదాల దాకా దిగి, అక్కడ కొంచెంసేపు ఆగి పోయేది. మర్నాటికి మళ్ళీ వచ్చేది. ఆవిడ ఒక్కరోజు కూడా మానకపోవడానికి కారణం అది. జనం దాన్ని పట్టుదల అన్నారు. ఆవిడ కాదనలేదు.

పట్టుదల అనదగ్గది ఒక్కటుంది. ఆవిడ పొడులు తినలేదు, సూదులు పొడిపించుకోలేదు. నడుముకు బెల్టు కట్టలేదు. ముఖ్యంగా పట్టీలు కట్టలేదు. బరువు పెరిగేకొద్దీ నడుము లేపగలిగినా వేళ్ళు జారతాయి. అప్పుడు చాలామంది ఒక గుడ్డపట్టీని మణికట్టుకీ కడ్డీకీ కలిపి చుట్టేస్తారు. ఇక వేళ్ళతో పనుండదు, మణికట్టే మోస్తుంది. ఆవిడ వాళ్ళని చూసి మొహం తిప్పుకునేది. "చేత్తో పట్టుకోలేనిది ఎత్తినట్టెలా అవుతుంది?" అనేది. జిమ్ములో ఆవిడ వాదించిన విషయం అదొక్కటే.

జిమ్ము నడిపే ఆయన్ని అందరూ బెల్టు అంటారు. టీ తాగేటప్పుడు కూడా నడుముకు తోలుబెల్టు తియ్యడు. యాభై దాటినవాళ్ళకి మందులు వాడని కండల పోటీ ఒకటి పెడుతున్నారని ఆ బెల్టే కబురు తెచ్చాడు. "ఏమీ అనుకోకక్కా, నువ్వు స్టేజీ ఎక్కితే నవ్వుతారు. బావగారిని ఎక్కిద్దాం."

"కష్టం నాది కదా."

"కష్టాన్ని స్టేజీ మీద ఎలా చూపిస్తావక్కా? లైటు కండ మీదే కదా పడేది."

ఆవిడ ఆలోచించి సరేనంది. ఆయన వద్దనలేదు. ఏ విషయానికీ వద్దనే మనిషి కాదు.

పోటీకి ముందు అబద్ధం పట్టే యంత్రానికి కట్టి ప్రశ్నలడిగారు. "ఎప్పుడైనా మందులు వాడారా?" "లేదండీ." యంత్రం కదల్లేదు. "ఎన్నేళ్ళుగా బరువులు ఎత్తుతున్నారు?" "ఒక్కరోజు కూడా ఎత్తలేదండీ." యంత్రం కదల్లేదు. అడిగినాయన రెండు జవాబులూ రాసుకుని, నూనె పూసుకోవడానికి ఎటు వెళ్ళాలో చూపించాడు.

ఆయన చిన్న నిక్కరులో, చలికి వణుకుతూ, ఎప్పుడెప్పుడు కొట్టుకు పోదామా అన్నట్టు నిలబడ్డాడు. మొదటి బహుమతి వచ్చింది. అలాంటి ముంజేతులు తన జన్మలో చూడలేదని జడ్జి మైకులో అన్నాడు. పతకం తెచ్చి ఆవిడ వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించింది.

"సంతోషంగా ఉందా?" అని అక్కగారు అడిగింది.

ఆవిడ లోపల వెతుక్కుంది. చేతికి ఏమీ తగల్లేదు. "ఉండే ఉంటుంది వదినా" అంది.

చలికాలంలో ఇంకా పెద్ద పోటీ ఉందన్నాడు బెల్టు. ఉన్న ముంజేతులు ఇంకాస్త పెంచితే తిరుగుండదన్నాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని వేలాడింది. ప్లేటు అంచుని వేళ్ళ కొసలతో పట్టుకుని షెడ్డంతా నడిచింది. ఆయన వేళ్ళు అరటికాయల్లా తయారయ్యాయి.

హెడ్మాస్టరమ్మ గడియారం పాడయింది అప్పుడే. రిటైరయిన ఆవిడ, ఊళ్ళో సగం మందికి పాఠాలు చెప్పిన మనిషి. ఏటా శుభ్రం చేయించుకునే సన్నటి బంగారు రంగు గడియారం అది. బియ్యపుగింజలో పదో వంతు ఉండే స్క్రూని ఆయన బిగించబోతే తల ఊడి వచ్చింది. తీద్దామని నొక్కితే కింద ఉన్న పళ్ళచక్రం వంగింది. హెడ్మాస్టరమ్మ ముక్కల్ని రుమాల్లో మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆయన ఇంట్లో చెప్పలేదు. కొన్నాళ్ళు బ్యాటరీలు మార్చాడు. తర్వాత వాచీ వెనక మూత తియ్యడం కూడా కష్టమైంది. ఆవిడకి టైలరు చెప్పాడు, రక్తం ఇవ్వడానికి వచ్చి, మొహం అటు తిప్పుకుని. "సార్ బల్ల మీద చేతులు పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చుంటున్నారు మేడమ్. ఎవరైనా వస్తే ఇప్పుడే మూసేస్తున్నానంటున్నారు."

ఆ సాయంత్రం ఆవిడ అడిగింది. "స్క్రూలు పట్టడం లేదట?"

"ఎవరన్నారు?"

"మీ టైలరు."

"వాడి నోరూ వాడి కత్తెరా ఒకటే. ఆగవు."

"నాతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? నీ కాళ్ళు పోయినా సరే, నా వేళ్ళు నాకిచ్చెయ్యమనా?"

ఆవిడ లేచి వెళ్ళి అంట్లు తోమింది.

మర్నాడు జిమ్ముకు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, పడుకుని కప్పు వంక చూసేది. బెల్టు మనిషిని పంపితే జ్వరమని చెప్పించింది. ఆయన చొక్కాలు వదులయ్యాయి. వేళ్ళు కొంచెం కొంచెంగా సన్నబడ్డాయి. అటువైపు తిమ్మిరి మోకాళ్ళు దాటి తొడల్లోకి వచ్చి, ఇక దిగడం మానేసింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పేదేమో.

ఒక ఉదయం ల్యాబులో పక్క టేబులు అమ్మాయి కెవ్వుమంది. "అక్కా, కాలు చూసుకో!"

గుమ్మం నుంచి ఆవిడ టేబులు దాకా నేల మీద ఎర్రటి అడుగులు. ఎడమ చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. అరికాల్లో గాజుపెంకు. ఎంతదూరం అలా నడిచిందో ఆవిడకి తెలియదు. పెంకు తీస్తుంటే తనదికాని కాలిని చూసినట్టు చూసింది.

కబురందుకుని ఆయన వచ్చాడు. కట్టు కట్టిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలు నొక్కాడు.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదండీ."

ఆయన పాదాన్ని కింద పెట్టాడు. "రేపటినుంచి జిమ్ముకెళ్ళు. లారీ ఆఫీసులో మూటలు దించే పనుందట. ఈ ఒంటిని చూసి వద్దనరు."

"మీరు మూటలు మోస్తారా? కొట్టు తప్ప ఇంకోటి తెలుసా మీకు?"

"నేర్చుకుంటాను. మూటలకి స్క్రూలుండవు."

ఇంటికెళ్ళాక ఆయన సామాన్ల పెట్టె బల్ల మీద పెట్టాడు. ట్వీజర్లు, గుండుసూదంత స్క్రూడ్రైవర్లు, కంటి అద్దం ఒక్కొక్కటే తుడిచి మెత్తటి గుడ్డలో చుట్టాడు. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి ఆవిడ పట్టుకుంటే ఆయన బిగించాడు. ఆవిడ ఆ ముడి వంకే చాలాసేపు చూసింది. బరువంతా వేళ్ళే ఎందుకు మొయ్యాలి?

పొద్దున్న కుంటుకుంటూ జిమ్ముకెళ్ళి, ఆవిడ బెల్టు ముందు చెయ్యి చాపింది. "పట్టీలివ్వు."

బెల్టు టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా? పాతికేళ్ళు నా ప్రాణం తీశావ్, అది ఎత్తడమే కాదని."

"కాదు. ఇవ్వు."

"ముంజేతులు పోతాయక్కా. బావగారి చేతులు మళ్ళీ పుల్లలైపోతాయి. చలికాలం పోటీలో ఆయన్ని వెనక వరసలో కూడా నిలబెట్టరు."

"నిలబెట్టకపోతే కూర్చుంటారు. కూర్చునే పనే కదా ఆయనది."

బెల్టు సొరుగు లాగి పట్టీలు తీశాడు. మాసిపోయిన గుడ్డ, ఎవరిదో చెమట వాసన. ఆవిడ మణికట్టుకు చుట్టి, కడ్డీకి చుట్టి, వేళ్ళు వదులు చేసింది. అలా వదిలేసి ఎత్తడం పట్టుకోవడంకన్నా కష్టంగా ఉంది. వేళ్ళు వాటంతటవే బిగుసుకోబోయాయి. మళ్ళీ వదులు చేసింది. బరువు లేచింది. వేలాడటం, ప్లేట్లు పట్టుకుని నడవడం ఆరోజే మానేసింది. కూర్చుని లేవడం మాత్రం పెంచింది.

తిమ్మిరి ముందు తొడలు దిగింది, తర్వాత మోకాళ్ళు. పాదాల్లో కొంచెం ఉండిపోయింది. ఉండనీ అనుకుంది. ఆయన తొడలూ వీపూ మళ్ళీ నిండాయి. మోచేతుల కింద మాత్రం రోజురోజుకీ సన్నబడ్డాడు. టైలరు కొలత తీసుకుని, "ఇదేం మోడల్ సార్, పైన పహిల్వాను, కింద గుమాస్తా?" అన్నాడు, చేతుల దగ్గర గుడ్డ మూడు మడతలు కుట్టేస్తూ.

చలికాలం పోటీకి వాళ్ళు వెళ్ళలేదు. ఆరోజు ఆయన కొట్టులోనే ఉన్నాడు. ఆవిడ టిఫిను ఇవ్వడానికి వెళ్తే బల్ల మీద ఎవరిదో గడియారం విప్పి ఉంది. ఆయన తలెత్తలేదు. ట్వీజరుతో కంటికి ఆనని దేన్నో ఎత్తి, గుంటలో పెట్టి, రెండు వేళ్ళతో స్క్రూడ్రైవరు తిప్పాడు. తర్వాత ఊపిరి వదిలాడు.

"పడింది" అన్నాడు.

"ఊ" అంది ఆవిడ. డబ్బా బల్ల చివర పెట్టి ల్యాబుకు వెళ్ళింది.

హెడ్మాస్టరమ్మ మళ్ళీ రాలేదు. పట్టీలకి అలవాటుపడి ఈవిడ వేళ్ళు కూడా పట్టు తప్పాయి. ఇంట్లో డబ్బా మూత బిగుసుకుంటే ఇప్పుడు ఇద్దరూ పోటీపడి ఓడిపోయి, పక్కింటావిడ దగ్గరికి పట్టుకెళ్తారు. ఆ పతకం వేలాడిన మేకుకే పట్టీలు ఉతికి ఆరేస్తారు.

ఏడాదికి ఒకసారైనా బెల్టు ఊరుకోలేక అడుగుతాడు. "ఒక్కసారి వట్టి చేతుల్తో చూడక్కా, ఎంత లేస్తుందో. ఒక్కసారికి ఏమవుతుంది?"

ఆవిడ పట్టీ రెండో చుట్టు చుట్టి, వేళ్ళు వదులు చేసి, ఎత్తుతుంది.