ఓడినవాళ్లకు శిక్ష

సహస్ర చిన్నప్పటి నుంచి చూసే కొరియా ఆటల షోలోని ముగ్గురితో ఇప్పుడు కొత్తగా ఇంకో షో మొదలైంది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి రఘుపతిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో పెట్టింది. ఆటలో ఓడినవాణ్ని బొగ్గుబాయిలోకి దింపారు. మసి మొహంతో వాడు ఏడుస్తుంటే మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు. సహస్ర కూడా నవ్వింది.

"వాడెందుకు దిగిండు బిడ్డా?"

"ఓడిపోయిండు గద బాపూ, గదే శిక్ష."

"ఎన్ని దినాలు?"

"ఒక్క పూటనే."

ఇరవై ఆరేళ్లుగా బొగ్గుబాయి దిగుతున్న రఘుపతికి తాను ఏ ఆటలో ఓడిపోయాడో ఎంతకీ గుర్తురాలేదు.

"నవ్వొస్తలేదా బాపూ?"

"వస్తంది," అన్నాడు.

మరుసటి వారం ఆమె ఎంత పిలిచినా ఆ షో చూడటానికి అతను రాలేదు.