ఇవ్వని పూలగుత్తి

పూలకొట్టులో ఇద్దరే మనుషులు. అక్క కట్టేది, చెల్లెలు చేరవేసేది. అక్క కాడల్ని ఏటవాలుగా కోసి, మొదళ్లకు తడి దూది చుట్టి, దారం కొస పళ్లతో పట్టి బిగించేది. చెల్లెలు గుత్తుల్ని సైకిలు బుట్టలో నిలబెట్టుకుని ఊరంతా తిరిగేది. పన్నెండులోపు చెబితే ఆ రోజే ఇంటికి చేరుస్తామని కొట్టు ముందు బోర్డు ఉండేది. ఆ మాట ఎన్నడూ తప్పలేదు. చివరి గుత్తి చేరేదాకా ఆ ఊళ్లో పొద్దు గుంకదు మరి. సైకిలు పంచరైన రోజున ఆడవాళ్లు, "పూలావిడ ఇంకా తిరుగుతున్నట్టుందే," అనుకుని మరో బకెట్టు బట్టలు ఉతికి ఆరేసుకునేవాళ్లు.

అక్క కడుపులో పుండుతో ఆసుపత్రిలో పడి నెలయింది. ఆ పొద్దున డాక్టరు చెల్లెల్ని వరండాలోకి పిలిచాడు.

"రేపు తెల్లవారేది చూడదమ్మా. చెప్పాల్సినవాళ్లకి చెప్పుకోండి."

చెప్పుకోడానికి ఎవరున్నారు? అక్కకు చెల్లెలు, చెల్లెలికి అక్క.

ఆ రోజు అయిదు గుత్తులు. వచ్చీరాని చేత్తో తనే వంకరటింకరగా కట్టింది. నాలుగు ఇచ్చేసింది. అయిదోది మిల్లు వెనక సందులో ఉండే దర్జీ ఆవిడకి. సందు మొగలో సైకిలు దిగి కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి తిప్పేసింది. గుత్తిని గుడ్డసంచీలో దోపి అక్క మంచం కిందకి తోసింది.

పొద్దు నీళ్లట్యాంకు పక్కన అలాగే ఆగిపోయింది. వార్డులో గడియారం తొమ్మిది కొట్టింది, పన్నెండు కొట్టింది, మళ్లీ తొమ్మిదీ కొట్టింది. కిటికీలోంచి అదే పచ్చటెండ. వీధిలో చంటిపిల్లలు నిద్రల్లేక గుక్కపట్టి ఏడుస్తున్నారు. చెల్లెలు చెవులు మూసుకుని అక్క పాదాలు పట్టుకుని కూర్చుంది.

అక్క మెలికలు తిరిగిపోతోంది. దారం బిగించిన పళ్లతోనే దుప్పటి అంచు కొరుకుతోంది.

"నర్సమ్మా, ఆ నెప్పి సూదేదో వెయ్యండమ్మా!" చెల్లెలు బతిమాలింది.

"చీకటి పడ్డాక వెయ్యమని రాశారు. బయట ఎండ చూడు. నేనేం చెయ్యను?" నర్సు కళ్లు కూడా నిద్రలేక ఎర్రబడ్డాయి.

నర్సు వెళ్లాక అక్క కళ్లు తెరిచింది.

"ఏమే, మంచం కింద తడి దూది వాసనొస్తోంది."

చెల్లెలు సంచీని కాలితో ఇంకా లోపలికి నెట్టింది.

"నా రిబ్బను దాచినప్పుడూ ఇదే ముఖం పెట్టేదానివి. ఎవరివి?"

"దర్జీ ఆవిడవి."

"ఇవ్వలేదే?"

"ఇస్తే నువ్వు... ఇంకాసేపు ఉండక్కా."

"నేనెక్కడున్నానే పిచ్చిదానా? నెప్పి ఉంది, అంతే. దాన్ని కూర్చోబెట్టి మేపుతున్నావు నువ్వు." అక్క ఊపిరి కూడదీసుకుంది. "వెళ్లి ఇచ్చేసి రా. నువ్వొచ్చేదాకా ఉంటాలే."

అక్క కళ్లముందే సంచీలోంచి తీసేసరికి పూలన్నీ మెడలు వాల్చేశాయి. దర్జీ ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. గుత్తికి కట్టిన చీటీ మీద కూతురి రాతని వేలితో తడిమింది.

"ఇవ్వాళ్టిలోగా ఒక్క మాటైనా పంపకపోతే నా గడప తొక్కొద్దన్నాను దాన్ని. ఇంకా ఇవ్వాళే కదమ్మా?"

"ఇవ్వాళేనమ్మా."

ఆవిడ గుత్తిని గుండెకి అదుముకుంది. అంతే, గోనెసంచి కప్పినట్టు చీకటి పడింది. ఊళ్లో ఏడుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చెల్లెలు సైకిలు అక్కడే వదిలేసి పరిగెత్తింది.

వచ్చేసరికి నర్సు సూది వేసి చెయ్యి రుద్దుతోంది. అక్క నొసటి ముడి మెల్లగా విడుతోంది.

"ఏమంది?" అక్క మాట నిద్రలోకి జారుతోంది.

"ఇంకా ఇవ్వాళేనా అనడిగింది."

"చూశావా, మాట తప్పలేదు మనం." కళ్లు మూసుకునే అంది, "ఆ గుత్తి కట్టిందెవరే, అంత వదులుగా?"

"నేనే."

"దారం పళ్లతో పట్టాలే..."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని వదలకుండా చీకట్లోనే కూర్చుంది. వేళ్లు చల్లబడడం ఆమెకి తెలుస్తూనే ఉంది. పొద్దు గుంకడమంటే పూల కోసం ఆగేది గానీ, తెల్లవారడం ఎవరి కోసమూ ఆగలేదు.