మేక ముట్టని డబ్బా

నేను ఒక వనస్పతి డబ్బాను. నెయ్యి కాని నెయ్యిని మొయ్యడానికి పుట్టాను కాబట్టి, మొదటినుంచీ మనుషుల మాటల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మిఠాయి కొట్లో ఖాళీ అయ్యాక, పురపాలక సంఘం అటెండరు తాతబ్బాయి నన్ను అడిగి తెచ్చుకుని, తీగతో పిడి కట్టి బంకడబ్బాను చేశాడు.

ఊళ్లో ఎవరైనా పెద్ద కట్టడం కోసం దరఖాస్తు పెడితే, ఆ స్థలం దగ్గర నోటీసు అంటించాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో చెప్పుకోవాలి. ఆ నోటీసులకి మైదా బంక ఉడికేది నాలోనే. మొదట్లో తాతబ్బాయి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. ఆ చేదుకి పురుగులూ పశువులూ కాగితం జోలికి వచ్చేవి కావు. తర్వాత ఆఫీసువాళ్లు తుత్తం ఇవ్వడం మానేశారు. ఆయనకేమో భుజం నొప్పి పట్టుకుంది. చెయ్యి పైకి లేవక నోటీసులు నడుమెత్తున అంటించేవాడు. సరిగ్గా మేక మూతికి అందే ఎత్తు. అంటించినట్టు రిజిస్టర్లో సంతకం పడేది. ఎవరైనా చదివారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒకసారి సున్నపుబట్టీ సందు మొదట్లో కల్యాణమండపం కడతామని దరఖాస్తు వచ్చింది. ప్లానులో సందుని కూడా మండపం స్థలంలోనే కలిపి గీశారు. సందు చివరి ఏడిళ్లకీ రోడ్డెక్కడానికి వేరే దారి లేదు. అందులో ఒక ఇల్లు మేకపాలు అమ్ముకునే సూరీడమ్మది. పొద్దున అంటించిన నోటీసుని మధ్యాహ్నానికల్లా ఆవిడ మేక గౌరే నమిలేసింది. తన దారి పోతోందన్న కబురు తన మేక కడుపులోకే వెళ్లిందని ఆ పిచ్చితల్లికి తెలీదు.

పన్నెండో రోజున అటు వచ్చిన తాతబ్బాయి, గోడకి మిగిలిన కాగితం మూల చూశాడు. "నా పని నేను చేశాను" అని గొణుక్కుంటూ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. నాకూ సిగ్గేసింది. మేకకి ఎర ఉడికింది నాలోనే కదా.

మర్నాడు పార్కు తోటమాలిని అడిగి, మొక్కల తెగుళ్లకి కొట్టే తుత్తం తెచ్చాడు. చిటికెడు కాదు, గుప్పెడు పోశాడు. నోటీసు ఇంకో ప్రతి తీసుకుని, రాయి ఎక్కి, పళ్లు బిగబట్టి తలెత్తున అంటించాడు. గౌరి ముందుకాళ్లు గోడకి ఆనించి లేచి ఒక్కసారి నాకింది. మొహం అదోలా పెట్టి, తుమ్మి, వెనక్కి తగ్గింది.

మేకని తోలుకెళ్లడానికి వచ్చిన సూరీడమ్మ ఇది చూసింది. "అరిటాకు కాణ్ణించి సిమెంటు బస్తా దాకా దేన్నీ వదల్దిది. దీనికి కూడా గిట్టని కాయితం ఏంటండీ తాతబ్బాయిగారూ?"

"నీకూ గిట్టదులే. ఇలా కూచో, చదువుతాను," అన్నాడాయన.

ఇంక రెండు రోజులే గడువు. ఏడిళ్లవాళ్లూ కలిసి ఆఫీసుకి వెళ్లారు. "రెండు వారాల కిందటే అంటించాం కదా, ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్నాడు గుమస్తా.

"మా మేకకి చెప్పారు బాబూ. అది మాకు చెప్పలేదు," అంది సూరీడమ్మ.

గుమస్తా నవ్వు ఆపుకుంటూ అర్జీ మీద ముద్ర వేశాడు. కొలతలవాళ్లు వచ్చి చూశారు. మండపం లేచింది గానీ, సందు సందుగానే మిగిలింది.

ఆ గుప్పెడు తుత్తం నా అడుగుని తినేసింది. బాధ లేదు, జన్మలో ఒక్కసారి పనికొచ్చాను. చిల్లులు పడ్డ నన్ను ఆఫీసు వెనక పారేస్తే, సూరీడమ్మ తెచ్చుకుని, బూడిదతో తోమి, మట్టి నింపి, కనకాంబరం నాటి సందు మొదట్లో పెట్టింది. ఇప్పుడు నోటీసులన్నీ కంప్యూటర్లో పెడుతున్నారట. అక్కడికి మేకలు రావు. సూరీడమ్మా వెళ్లదు.

గౌరి మాత్రం రోజుకి రెండుసార్లు ఈ దారినే వెళ్తుంది. కనిపించిన ప్రతి ఆకునీ కొరుకుతుంది. నా దగ్గరికి వచ్చి, వాసన చూసి, మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది.