మైనస్ ఎటు పోయింది

ముప్పై ఏడో పేపరు దగ్గర మాస్టారి ఎర్ర కలం ఆగింది.

ప్రశ్న పాతదే. కణం స్థానపు సగటు విలువను ద్రవ్యవేగం వైపు నుంచి రాబట్టాలి. దారీ పాతదే. స్థానాన్ని సూచించే ఎక్స్ బదులు ద్రవ్యవేగంతో అవకలనం వస్తుంది, ముందు మైనస్‌తో. దాన్ని పక్క ప్రమేయం మీదికి నెడితే మైనస్ ప్లస్సవుతుంది. అంచుల్లో మిగిలే పదం సున్నా అని ఒక్క ముక్క రాయాలి. ఆ ముక్కకు రెండు మార్కులు. ఇరవై రెండేళ్లుగా మాస్టారి కన్ను ముందు వెతికేది దాన్నే.

ఇందులో ఆ ముక్క లేదు, అసలు మైనసే లేదు. నాలుగు వరుసల్లో జవాబు మాత్రం సరిగ్గా దిగింది.

దర్జీ కూతురి పేపరది. పరీక్షలో రెండుసార్లు చేతిరుమాలు తీసింది. అప్పుడు జలుబనుకున్నాడు. ఇప్పుడు ఆ మడతల్లో ఏముందో అనిపించింది. కాపీ కొట్టిందని పైకి రాస్తే పిల్లకు ఏడాది పోతుంది. ఫిర్యాదు చీటీ సగం రాసి, ఎందుకైనా మంచిదని పిలిపించాడు.

"ఇదే లెక్క బోర్డు మీద చెయ్యి."

"తప్పయిందా సార్?"

"ముందు చెయ్యమ్మా."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటుందేమోనని చూశాడు. ఆమె సుద్దముక్క కోసం తడుముకుంది. కుడివైపు తరంగం, ఎడమవైపు దాని జంటైన సంయుగ్మం, నడుమ ఎక్స్ రాసింది. అందరూ కుడికి జరిపే ఎక్స్‌ను ఎడమకు జరిపింది. అక్కడ ఘాతంలో మైనస్ ముందే ఉంది కాబట్టి అవకలనం ప్లస్‌తోనే పుట్టింది. నెట్టే పనీ లేదు, అంచుల ఊసూ లేదు.

"ఎడమకెందుకు తీసుకెళ్లావ్? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నడుమ ఉన్నది ఎటైనా పోతుంది కదా. కుడికి పోతే కుట్టింది విప్పి మళ్లీ కుట్టాలి. అలా చేస్తే మా ఇంట్లో నాన్న తిడతాడు."

మాస్టారు అప్పటికీ నమ్మలేదు. ఆమెను పంపేసి, చీటీ వెనక తానే రెండుసార్లు చేసి చూశాడు. రెండుసార్లూ వచ్చింది. చీటీ చించి పూర్తి మార్కులు వేశాడు.

కలం మూయబోయి, దిద్దేసిన కట్టను మళ్లీ ముందుకు లాక్కున్నాడు. పన్నెండో పేపర్లో 'అంచు పదమేది?' అని ఎర్రగా గీకి రెండు మార్కులు కోసిన చోట ఆగాడు. రాసినవాడు ఆ పిల్ల పక్కన కూర్చున్నాడా అని ముందు సీట్ల పట్టిక చూశాడు. వేరే గది.

అప్పుడు పై వరుస చూశాడు. ఎక్స్ ఎడమవైపే ఉంది.